మరపు వ్యాధి – జన్యువుల పాఠభేదాలు

ఇరవై ఏళ్ల కిందట శ్రీరాంపూర్‌లో నేను అద్దెకున్న వీధి చివరి క్వార్టరులో ఒక వృద్ధుడు ఉండేవాడు. తట్టాచెమ్మస్ కాలంలో బొగ్గుబాయిలో దిగి, యంత్రాలు వచ్చేదాకా పనిచేసి, పదవీ విరమణ పొందినవాడు. కొడుకు కూడా గని కార్మికుడే. తెల్లవారి మొదటి షిఫ్టు సైరన్ మోగగానే ఆ వృద్ధుడు టిఫిన్ డబ్బా చేతబట్టుకొని వీధిలోకి వచ్చేవాడు. “బాయికి పోవాలె, మస్టర్ పోతది” అనేవాడు. ఉద్యోగం ముగిసి పదేళ్లు దాటిందన్న సంగతి ఆయన మనసులో నిలిచేది కాదు. ఆ పూట ఏమి తిన్నాడో చెప్పలేనివాడు, నలభై ఏళ్ల కిందట తనతో బొగ్గు నింపిన వారి పేర్లు మాత్రం వరుస తప్పకుండా చెప్పేవాడు. కొన్నాళ్లకు కోడలిని గుర్తుపట్టడం మానేశాడు.

ఆయన మనుమడు మా కళాశాలలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివేవాడు. ఒకనాడు తరగతి ముగిసిన తరువాత దగ్గరికి వచ్చి, “సార్, మా తాతకు మరుపు రోగం వచ్చింది గదా. మా బాపుకు గూడ వస్తదా? నాకు గూడ వస్తదా?” అని అడిగాడు. సింగరేణి ప్రాంతంలో వారసత్వం అన్న మాట వినగానే మొదట స్ఫురించేది ఉద్యోగం. తండ్రి పని కొడుకుకు వస్తుందా రాదా అన్నది అక్కడ ఇంటింటా వినిపించే చర్చ. ఆ పిల్లవాడు అడిగింది మరొక వారసత్వం గురించి. నేను, “వయసు మీద పడితే ఎవరికైనా అంతే నాయనా. ఆపైన ఎవరి తలరాత వారిది” అని చెప్పి పంపించాను.

ఆ సమాధానంలో రెండు తప్పులున్నాయి. వయసు పెరిగిన వారందరికీ ఈ స్థితి రాదు. ఇది తలరాత కూడా కాదు. సాహిత్యం చదువుకున్నవాడికి జీవశాస్త్రం ఎందుకని ఆనాడు ఊరుకున్నాను కాని, తరువాతి కాలంలో ఈ విషయాన్ని కొంత చదివినప్పుడు, అది నా విద్యకు అంత దూరమైనదేమీ కాదని తెలిసింది. ఎందువల్లనో ముందు ముందు చెబుతాను.

మన పెద్దలు వార్ధక్యంలో కలిగే మతి చాంచల్యాన్ని ‘అరులు మరులు’ అన్నారు. ‘చాదస్తం’ అన్న మాట కూడా ఇంటింటా ఉన్నదే. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం సహజమైన మరపు. కళ్లజోడును చేతిలో పట్టుకొని అది దేనికి పనికివస్తుందో తెలియకపోవడం వ్యాధి. జ్ఞాపకశక్తి, మాట, దారి తెలిసే నేర్పు, నిర్ణయం చేసే శక్తి క్రమంగా క్షీణించి, మనిషి తన నిత్యకృత్యాలను తానుగా చేసుకోలేని స్థితికి చేరడాన్ని వైద్యులు డిమెన్షియా అంటారు. తెలుగులో దీనిని చిత్తవైకల్యం అని వ్యవహరిస్తున్నారు. దానికి కారణాలు అనేకం. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి.

ఈ పేరు ఒక జర్మన్ వైద్యునిది. ఆలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఆసుపత్రిలో ఆగస్టే డీటర్ అనే 51 సంవత్సరాల స్త్రీని పరీక్షించాడు. ఆమె తన పేరును కూడా సరిగా వ్రాయలేకపోయేది. 1906లో ఆమె మరణించిన తరువాత ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాడీకణాల మధ్య ఏవో ముద్దలు పేరుకొని ఉండడాన్ని, కణాల లోపల చిక్కుపడిన పోగులను గమనించి, అదే సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో వివరించాడు. సభ పెద్దగా స్పందించలేదు. 1910లో క్రేపెలిన్ తన మనోవైద్య గ్రంథంలో ఆ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. కణాల మధ్య పేరుకొనేది బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ తునక అనీ, లోపలి చిక్కుముడులు టౌ అనే మరొక ప్రోటీన్ వల్ల ఏర్పడతాయనీ తెలియడానికి మరి డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది.

మన దేశంలో 60 సంవత్సరాలు పైబడిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, చిత్తవైకల్యంతో బాధపడుతున్నారని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో ఈ శాతం ఎక్కువ. వందలో ఏడుగురు అంటే తక్కువేమీ కాదు. అయితే మిగిలిన తొంభై ముగ్గురికి వయసు వచ్చినా ఈ స్థితి రాలేదన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. నా మొదటి తప్పు అక్కడ తేలిపోయింది.

రెండవది తలరాత. ఇక్కడ నాకు తెలిసిన విద్య కొంత పనికివస్తుంది.

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు తాళపత్రాల మీద బ్రతికాయి. ఒక ప్రతి శిథిలమయ్యేలోగా మరొక ప్రతి వ్రాసుకోవలసి వచ్చేది. వ్రాయసకాడు ఎంత శ్రద్ధగలవాడైనా ఎక్కడో ఒక అక్షరం మారేది. ‘వనము’లో మొదటి అక్షరం పొరపాటున ‘ధ’ అయితే అడవి కాస్తా ధనమై కూర్చుంటుంది. ‘వచ్చెను’ అన్న చోట ‘వచ్చె’ అని ఉంటే అర్థానికి వచ్చిన నష్టం లేదు. ఒక్కొక్కచోట మారిన మాటే అసలుదానికంటె బాగుంటుంది కూడా. ఇటువంటి తేడాలను పాఠభేదాలు లేదా పాఠాంతరాలు అంటారు. సి.పి. బ్రౌను వేమన పద్యాలను 1829లో అచ్చువేయించడానికి ముందు అనేక వ్రాతప్రతులను తెప్పించి పోల్చి చూడవలసి వచ్చింది. నేను పరిశోధన చేసిన రోజులలో నా కాలమంతా దాదాపు ఈ పాఠాంతరాలను పక్కపక్కన పెట్టుకొని చూడడంలోనే గడిచింది.

మన శరీరంలోని ప్రతి కణంలోను ఇటువంటి గ్రంథం ఒకటి ఉంది. దాని లిపిలో అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. గ్రంథం పొడవు సుమారు 300 కోట్ల అక్షరాలు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి మనకు సంక్రమిస్తాయి. ఒక్కొక్క ప్రోటీన్ తయారీకి కావలసిన విధానాన్ని చెప్పే భాగాన్ని జన్యువు అనవచ్చు. ఏ ఇద్దరు మనుషుల గ్రంథాలను పోల్చినా వెయ్యి అక్షరాలకు సుమారు ఒక అక్షరం వేరుగా ఉంటుంది. ఇదే జన్యు వైవిధ్యం. ఈ తేడాలలో అధికభాగం ‘వచ్చెను’, ‘వచ్చె’ వంటివే. కొన్ని మాత్రం అర్థాన్ని మారుస్తాయి.

అల్జీమర్స్ వ్యాధి విషయంలో ఈ పాఠభేదాలు రెండు రకాలు. మొదటి రకం చాలా అరుదు, చాలా తీవ్రం. అమిలాయిడ్‌కు మూలమైన ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. దానిలోను, ప్రెసినిలిన్-1, ప్రెసినిలిన్-2 అనే మరి రెండు జన్యువులలోను కలిగే కొన్ని ఉత్పరివర్తనాలు ఒక్క ప్రతిలో ఉన్నా వ్యాధి దాదాపు తప్పదు. అది కూడా నలభై, యాభై ఏళ్ల ప్రాయంలోనే వస్తుంది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో ఆంటియోకియా ప్రాంతపు కొండ ఊళ్లలో ఇటువంటి ఉత్పరివర్తనం ఒకటి తరతరాలుగా కొనసాగుతోంది. ఫ్రాన్సిస్కో లొపేరా అనే వైద్యుడు దశాబ్దాల పాటు ఆ కుటుంబాల వెంట నడిచి వారి వంశవృక్షాన్ని గ్రంథస్థం చేశాడు. అక్కడ ఆ పాఠం మోసినవారికి నలభై నాలుగేళ్ల ప్రాంతంలో మరపు మొదలవుతుంది.

ఆ కుటుంబాలలోనే ఒక స్త్రీ ఉండేది. ఆమె జన్యువులోను అదే ఉత్పరివర్తనం ఉంది. కాని డెబ్బై ఏళ్లు దాటేదాకా ఆమెకు చిత్తవైకల్యం రాలేదు. కారణం వెదకగా మరొక జన్యువులో, రెండు ప్రతులలోను, ఒక అరుదైన పాఠాంతరం కనిపించింది. ఈ సంగతి 2019లో వెల్లడైంది. ఒక పుటలోని దోషాన్ని మరొక పుటలోని అక్షరం సవరించినట్లయింది. ఇంచుమించు తలరాత అనదగిన సందర్భంలో కూడా రాత మారిన సందర్భం ఇది. ఆ రెండవ జన్యువు పేరు అపోలిపోప్రోటీన్-ఇ, సంక్షిప్తంగా అపో-ఇ. శ్రీరాంపూర్ పిల్లవాడి ప్రశ్నకు అసలు సంబంధం ఉన్నది ఈ జన్యువుతోనే. అరవై అయిదేళ్లు దాటిన తరువాత వచ్చే సాధారణ అల్జీమర్స్ వ్యాధిలో దీని ప్రభావమే ప్రధానమైనది.

అపో-ఇ జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంది. అది తయారుచేసే ప్రోటీన్ మెదడులో కొలెస్ట్రాల్ వంటి కొవ్వు పదార్థాలను ఒక కణం నుంచి మరొక కణానికి మోసుకుపోతుంది. పేరుకొనే అమిలాయిడ్‌ను తొలగించే పనిలోను దానికి పాత్ర ఉంది. ఈ ప్రోటీన్‌లో 299 అమినో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. మానవజాతిలో దీనికి ప్రధానంగా మూడు పాఠాలు: ఇ2, ఇ3, ఇ4. జీవశాస్త్రంలో వీటిని యుగ్మవికల్పాలు అంటారు. లోకంలో ఎక్కువమందిలో ఉండేది ఇ3. దానికీ ఇ4కూ ఉన్న భేదం ఒకే ఒక్క అక్షరం. టి ఉండవలసిన చోట సి ఉంటే, 112వ స్థానంలో సిస్టీన్‌కు బదులు ఆర్జినైన్ అనే అమినో ఆమ్లం వచ్చి చేరుతుంది. ఆ కాస్త మార్పుతో ప్రోటీన్ ముడుచుకొనే తీరు మారుతుంది. అమిలాయిడ్‌ను తొలగించే పని మందగిస్తుంది.

ఈ సంబంధాన్ని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం వెల్లడించింది. కొలెస్ట్రాల్ మోసే ప్రోటీన్‌కూ మరపుకూ సంబంధమేమిటని ఆనాడు చాలామంది నమ్మలేదు. తరువాత వచ్చిన అధ్యయనాలు దానిని బలపరిచాయి. యూరప్ మూలాలు గలవారిలో ఇ4 ఒక ప్రతి ఉంటే, అసలు లేనివారితో పోలిస్తే ముప్పు సుమారు మూడు రెట్లు. రెండు ప్రతులూ ఇ4 అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు. రెండు ప్రతులున్న వారి పరిస్థితిని వ్యాధి యొక్క ఒక ప్రత్యేక జన్యు రూపంగానే పరిగణించాలని 2024లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు కూడా. ఇ2 దీనికి వ్యతిరేకం. అది ముప్పును తగ్గిస్తుంది. మరొకవైపు, వ్యాధి వచ్చినవారిలో మూడవ వంతుకు పైగా మందిలో ఒక్క ప్రతిలోనైనా ఇ4 ఉండదు. ఇ4 ఉండి ఎనభై దాటినా చక్కగా లెక్కలు చెప్పే వృద్ధులూ ఉన్నారు. అపో-ఇ కాక మరి 75 చోట్ల ముప్పును కొద్దికొద్దిగా పెంచే లేదా తగ్గించే పాఠభేదాలున్నాయని 2022లో ప్రకటితమైన పెద్ద అధ్యయనం చూపింది.

ఇక్కడ ఒక విశేషం నన్ను ఆశ్చర్యపరిచింది. హాని చేసే పాఠం కనుక ఇ4 అన్నది తరువాతి లేఖకదోషమై ఉంటుందని నేను అనుకున్నాను. నిజానికి ప్రాచీనమైనది అదే. చింపాంజీ వంటి జంతువులలో ఆ స్థానాన ఇ4లో ఉన్న ఆర్జినైనే కనిపిస్తుంది. ఇ3, ఇ2 మానవ పరిణామంలో తరువాత పుట్టిన పాఠాంతరాలు. పాఠపరిష్కర్త భాషలో చెబితే, మూలపాఠం ఇ4, ప్రచారంలోకి వచ్చిన పాఠం ఇ3. మరి హానికరమైన పాఠం ఇన్ని వేల సంవత్సరాలు ఎలా నిలిచింది? అరవై దాటాక కలిగే హానిని ప్రకృతి వరణం సులభంగా ఏరివేయలేదు. అప్పటికే ఆ మనిషి పిల్లలకు తన ప్రతిని అందించి ఉంటాడు.

ఇప్పుడు ఆ పిల్లవాడి లెక్క చూద్దాం. తాతలో ఇ4 ఒక ప్రతి ఉన్నదనుకుందాం. ఉన్నదో లేదో పరీక్షించలేదు కనుక ఇది ఊహే. తండ్రికి తాత నుంచి వచ్చేది రెండు ప్రతులలో ఒకటి. అది ఇ4 కావడానికి అవకాశం సగం. తండ్రి నుంచి కొడుకుకు రావడానికి అందులో సగం, అంటే నాలుగింట ఒక వంతు. తల్లి వైపు నుంచి రాగల ప్రతి సంగతి వేరు. వచ్చినా అది వ్యాధి కాదు, ముప్పు మాత్రమే. మేనరికపు పెళ్లిళ్లు జరిగిన కుటుంబాలలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. తల్లిదండ్రులకు ఉమ్మడి పూర్వికులున్నప్పుడు, ఏ జన్యువు విషయంలోనైనా, ఒకే పాఠం రెండు వైపుల నుంచి బిడ్డను చేరే అవకాశం పెరుగుతుంది.

అయితే ఈ మూడు రెట్లు, పన్నెండు రెట్లు అన్న లెక్కలు ఎవరి ప్రతులను చూసి వేసినవి? ఒకే ప్రాంతంలో దొరికిన వ్రాతప్రతులను మాత్రం చూసి ఇదే శుద్ధపాఠమని చెప్పే పండితుని మాట ఎవరూ ఒప్పుకోరు. పూనాలోని భండార్కర్ సంస్థ మహాభారత పరిష్కరణను 1919లో తలపెట్టి 1966లో పూర్తిచేసింది. ఉత్తరాది ప్రతులను, దక్షిణాది ప్రతులను, వేరువేరు లిపులలో ఉన్నవాటిని, అన్నిటినీ పోల్చినందువల్లనే అన్ని దశాబ్దాలు పట్టింది. అల్జీమర్స్ జన్యుశాస్త్రంలో ఇటువంటి పని ఇంకా మొదటి దశలోనే ఉంది. ఇప్పటికి వచ్చిన పెద్ద అధ్యయనాలలో అత్యధికులు యూరప్ సంతతివారే.

బయట చూసిన కొద్దిచోట్ల కూడా చిత్రం వేరుగా ఉంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల వృద్ధులను, అమెరికాలో పెన్సిల్వేనియాలోని మోనోంగహేలా లోయ వృద్ధులను పోల్చిన ఒక పరిశోధన 2000లో వెలువడింది. ఆ లోయ కూడా మన శ్రీరాంపూర్ లాగా బొగ్గును నమ్ముకొని, ఉక్కు పరిశ్రమతో పెరిగిన నేలే. అక్కడి వారి జన్యు ప్రతులలో ఇ4 సుమారు 11 శాతం ఉంటే, బల్లభ్‌గఢ్‌లో సుమారు 7 శాతం ఉంది. పాఠం అరుదైనా దానికీ వ్యాధికీ ఉన్న సంబంధం మాత్రం రెండు చోట్లా కనిపించింది. నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో యోరుబా జాతి వృద్ధుల సంగతి దీనికి భిన్నం. వారిలో ఇ4 అరుదేమీ కాదు, కాని ఒక ప్రతి ఉన్నవారిలో ముప్పు చెప్పుకోదగినంతగా పెరగలేదు. అక్షరం అదే అయినా, చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి, చదివే పరిస్థితిని బట్టి అర్థం మారుతోంది.

మన ప్రతుల సేకరణలో హైదరాబాదుకు ముఖ్యమైన స్థానం ఉంది. అక్కడి సి.సి.ఎం.బి., అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, 1977లో ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్, అమెరికన్ శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో భారతీయ జనసమూహాల జన్యు చరిత్రను ప్రకటించారు. మన సమూహాలలో అనేకం కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించి, తమలో తామే వివాహాలు చేసుకుంటూ వచ్చాయని అందులో తేలింది. ఒకే వ్రాయసకాని ప్రతి నుంచి ఒక ఊరి ప్రతులన్నీ పుడితే, అతని దోషం అన్నిటిలోను కనిపించినట్లే, ఒక్కొక్క సమూహంలో ఒక్కొక్క అరుదైన పాఠం సాధారణమైపోతుంది. తెలుగునాట ఒక వర్తక సమాజంలో శస్త్రచికిత్స సమయంలో ఇచ్చే ఒక కండర శిథిలకారి మందు ప్రభావం తొందరగా తగ్గకపోవడం ఇటువంటి పాఠభేదం వల్లనే. ఆ సంగతి మత్తు వైద్యులకు ఎంతో కాలంగా తెలుసు. మరపు వ్యాధికి సంబంధించి ఏ సమూహంలో ఏ పాఠం దాగి ఉన్నదో వెదకవలసే ఉంది. 83 జనసమూహాల నుంచి సుమారు 10,000 మంది జన్యుగ్రంథాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మన వృద్ధుల మరపును లెక్కగట్టిన జాతీయ అధ్యయనంలో పాల్గొన్న వారిలోనే 2,762 మంది జన్యుగ్రంథాలను పూర్తిగా చదివిన ఫలితాలు కూడా 2025లోనే వెలువడ్డాయి. జ్ఞాపకశక్తి పరీక్షలు, జన్యు సమాచారం ఒకే మనుషుల నుంచి లభించడం మన దేశంలో గొప్ప ముందడుగు.

జన్యువుల మాట ఇంతవరకు. హైదరాబాదులోనే జరిగిన మరొక పరిశోధన, తెలుగును ద్వితీయ భాషగా చదివే విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో నాడీవైద్య నిపుణురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు, చిత్తవైకల్యంతో ఆ ఆసుపత్రికి వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే వీరికి వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకు ముందు కెనడాలోని టొరంటోలో ఇటువంటి ఫలితమే వచ్చింది. కాని అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు కనుక, ఆలస్యానికి కారణం భాషో, వలసో తేల్చడం కష్టమైంది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. అక్కడ ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడడానికి ఎవరూ దేశం దాటి రానక్కరలేదు.

అది చదువుకున్నవారి సౌకర్యం మాత్రమేనేమో అన్న సందేహానికీ అందులో జవాబు ఉంది. అక్షరం ముక్క రానివారిలో కూడా రెండు భాషలవారికి లక్షణాలు ఆలస్యంగానే వచ్చాయి. వారిలో ఆ వ్యవధి ఆరేళ్లు. మూడవ భాష, నాలుగవ భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. ఒక భాషను ఆపి మరొక భాషలోకి మారుతూ ఉండడం మెదడుకు నిత్యవ్యాయామమై, కొంత నిల్వబలాన్ని చేకూరుస్తుందని పరిశోధకుల అభిప్రాయం. భాష వ్యాధిని ఆపదు. లోపల క్షయం జరుగుతున్నా మనిషి దానిని కొంతకాలం తట్టుకొని నిలుస్తాడు. ఇతర దేశాలలో ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాలలో ఇటువంటి మేలు కనిపించలేదన్న సంగతి కూడా దాచకూడదు. తెలుగు అధ్యాపకుడిని కనుక ఈ ఫలితం మీద నాకు కొంత పక్షపాతం ఉండడం సహజం.

మన వీధిలోని వృద్ధుడు కూడా ఇంట్లో తెలుగు, బాయిలో ఉర్దూ కలిసిన హిందీ మాట్లాడినవాడే. అయినా వ్యాధి వచ్చింది. సగటు అన్నది సమూహానికి చెందిన మాట. ఒక్క మనిషి విషయంలో అది ఏదీ తేల్చి చెప్పదు. జన్యువుల లెక్కకూ ఇదే పరిమితి.

చిత్తవైకల్యపు కేసులలో దాదాపు 45 శాతం, మన చేతిలో ఉన్న 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం అంచనా వేసింది. చిన్నతనంలో చదువు లేకపోవడం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం, మద్యం, తలకు దెబ్బలు, ఒంటరితనం, కలుషితమైన గాలి మొదలైనవి వాటిలో ఉన్నాయి. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం కూడా ఉన్నాయి. డ్రిల్లుల మోతలో బ్రతుకు గడిపిన గని కార్మికుడికి చెవులు మందగిస్తే, “తాతకు చెముడు” అని నవ్వి ఊరుకొంటాం. చెవికి యంత్రం పెట్టించడం మెదడును కాపాడే పనులలో ఒకటని చాలామందికి తెలియదు. మరపు కనిపించిన ప్రతివారికీ అల్జీమర్సే అనుకోవడం కూడా పొరపాటు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు వల్ల కూడా మరపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది. అందుచేత తాయెత్తు కట్టించడానికి ముందు వైద్యునికి చూపించడం అవసరం.

జన్యు పరీక్ష చేయించుకోవాలా అన్న ప్రశ్న మిగిలింది. లక్షణాలు లేనివారు కుతూహలం కొద్దీ అపో-ఇ పరీక్ష చేయించుకోనక్కరలేదన్నది వైద్యులు సాధారణంగా ఇచ్చే సలహా. అమిలాయిడ్‌ను తొలగించే కొత్త మందులు అమెరికాలో 2023, 2024 సంవత్సరాలలో ఆమోదం పొందాయి. ఇ4 రెండు ప్రతులున్న వారికి ఆ మందుల వల్ల మెదడులో వాపు, రక్తస్రావం కలిగే అవకాశం ఎక్కువ. కనుక అటువంటి చికిత్సకు ముందు మాత్రం ఈ పరీక్ష ప్రయోజనకరం. డి.ఎన్.ఎ. జంట మెలికల నిర్మాణాన్ని 1953లో ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి లోకానికి తెలిపిన జేమ్స్ వాట్సన్ వృత్తాంతం ఈ సందర్భంలో ఆసక్తికరమైనది. 2007లో ఆయన జన్యుగ్రంథాన్ని పూర్తిగా చదివి బహిరంగపరచినప్పుడు, ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. అపో-ఇ భాగాన్ని ఎవరికీ చెప్పవద్దు, తనకు కూడా చెప్పవద్దు అన్నాడు. ఆయన అవ్వలలో ఒకరికి ఈ వ్యాధి వచ్చింది. ఆ భాగాన్ని తీసివేసి ప్రకటించారు. తాళపత్రంలో చిరిగిపోయిన భాగాన్ని మేము గ్రంథపాతం అంటాము. ముందువెనుకల వాక్యాలను బట్టి పోయిన మాటను కొన్నిసార్లు ఊహించగలుగుతాము. వాట్సన్ గ్రంథంలోనూ చుట్టుపక్కల అక్షరాలను బట్టి ఆ రహస్యాన్ని ఊహించవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు తరువాత ఎత్తిచూపారు.

జన్యుశాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకడు తెలుసుకోవడానికి వెనుకాడిన సంగతిని, పదిహేడేళ్ల పిల్లవాడు వరండాలో నిలబడి నన్ను సూటిగా అడిగాడు. ఇప్పుడు అడిగితే, నాలుగింట ఒక వంతు లెక్కను పలకమీద వేసి చూపించేవాణ్ణి. అది కూడా మరెక్కడి వారినో చూసి అంచనా వేసిన ముప్పేనని చెప్పేవాణ్ణి. మీ బాపు రక్తపోటు, చక్కెర చూపించుకుంటున్నాడా, షిఫ్టు దిగాక సిగరెట్లు ఎన్ని కాలుస్తాడు, చెవులు ఎలా వినిపిస్తున్నాయి అని అడిగేవాణ్ణి. తాతను ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించమనేవాణ్ణి.

ఆనాడు ఆ ఇంట్లో ఎవరూ ఇవేవీ ఎరుగరు. కొడుకు మాత్రం తనకు తోచిన ఉపాయం చేసేవాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన రోజులలో, బొగ్గు మసి కడుక్కోకుండానే, తండ్రి చేయి పట్టుకొని వీధి మలుపు దాకా నడిచేవాడు. అక్కడ ఆగి, “ఇయ్యాల ఐతారం, బాపూ. బాయి బందు” అనేవాడు. అది ఏ వారమైనా సరే, ఆ మాటే చెప్పేవాడు. వృద్ధుడు ఒక నిమిషం ఆలోచించి, “ఐతారమా? మరి ముందే చెప్పకపోతివి” అని, టిఫిన్ డబ్బా కొడుకు చేతికిచ్చి ఇంటివైపు తిరిగేవాడు.